నీళ్ళు చల్లిన దారి

ఆ సందులో పిల్లలకూ పెద్దలకూ కూడా ఆవిడ నీలిమందు పిన్నే. అసలు పేరొకటి ఉండే ఉంటుంది, పిలిచేవాళ్ళు లేక అదెప్పుడో తుప్పుపట్టింది. తెల్లబట్టలకు నీలిమందు పెట్టీ పెట్టీ ఆవిడ కుడిచేతి వేళ్ళు లేతనీలంగా తేలాయి. పెళ్ళికి వెళ్ళినా అవే వేళ్ళు, పరామర్శకు వెళ్ళినా అవే వేళ్ళు. కొత్తవాళ్ళెవరైనా వాటికేసి వింతగా చూస్తే, "కడిగితే పోయేది కాదమ్మా, కడగబట్టే వచ్చింది" అనేది.

పిన్ని ఉతికేది, ఆమె భర్త ఇస్త్రీ చేసేవాడు. పిన్ని భర్త కాబట్టి ఆయన సందుకంతటికీ బాబాయి. మాటల్లో మహా పొదుపరి. ఆవిడ రోజంతా మాట్లాడేది, ఆయన రోజంతా ఊఁ కొట్టేవాడు. ఇద్దరూ మాట్లాడేవాళ్ళయితే ఇక బట్టల సంగతి ఎవరు చూస్తారని పిన్నే సర్దిచెప్పుకునేది.

వాళ్ళది సందులో చివరి ఇల్లు. ముందుగదిలో ఇస్త్రీ బల్ల, వెనకాల సిమెంటు తొట్టి, ఉతికే బండ, దాని వెనక ఖాళీజాగాలో వరసగా దండేలు. ఆ జాగా దాటితే పిల్లకాలవ, కాలవ అవతల బీడు. ఇంటి పక్కనుంచి ఒక మట్టిరోడ్డు కాలవ దాటి ఆ బీడులోకి పోయేది. అటువైపు అడ్డుగోడ అన్నది లేదు కాబట్టి పొద్దున్నే గాలి ఒకటే వీచేది. లాడ్జి దుప్పట్లు, నర్సింగ్‌హోము కోట్లు, దిండుగలీబులు ఆ గాలికి చప్పట్లు కొడుతూ ఆరేవి. ఎండా గాలీ కలిసి చేసే పని ఏ యంత్రమూ చెయ్యలేదని పిన్ని నమ్మకం. ఆవిడ ఉతికిన దుప్పటి తీసుకుని లాడ్జి మేనేజరు ఒకసారి వాసన చూసి, "దీనికి అత్తరు కొట్టావా?" అని అడిగాడట. ఆ మాట ఆవిడ కనీసం వందసార్లు చెప్పింది. ప్రతిసారీ కొత్తగా చెప్పేది.

ఆవిడకు ఒక జబ్బుంది. జబ్బనే అనాలి. ఇంటికి మనిషి వస్తున్నాడంటే చాలు, చేతులు ఆగవు. కుర్చీ శుభ్రంగానే ఉంటుంది, అయినా కొంగుతో తుడిచేది. ఒకసారి బాబాయికి ఒళ్ళు కాలిపోయే జ్వరం వస్తే డాక్టరు ఇంటికే వచ్చాడు. ఆయన్ని గుమ్మంలో నిలబెట్టేసి, లోపల మొగుణ్ణి అటు దొర్లించి ఇటు దొర్లించి కింద దుప్పటి మార్చింది. "ఏమ్మా, జ్వరం దుప్పటికా, ఆయనకా?" అన్నాడు డాక్టరు. సందంతా నవ్వుకుంది. పిన్నీ నవ్వింది, కానీ మళ్ళీ డాక్టరు వస్తే మళ్ళీ దుప్పటే మార్చేది. ఇంట్లో మురికి పరాయివాళ్ళ కంటపడితే ఆవిడకు నలుగురిలో పైట జారినంత సిగ్గు.

ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే తక్కిన కథంతా అర్థమైపోతుంది.

ఒకరోజు పొద్దున కరెంటు స్తంభానికి ఒక కాగితం అతికించి ఉంది. కాలవ అవతల బీడులో పైమట్టి కింద మంచి ఇసుక పడిందట. ఒక కంపెనీ అక్కడ ఇసుక క్వారీ పెడుతుందట. అభ్యంతరాలుంటే ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చట. సందులో రిటైరైన బడిపంతులు ఒకాయన ఉన్నాడు. ఏ మాటకైనా "ఇక్కడొక లా పాయింటుంది" అని మొదలుపెడతాడు కాబట్టి అందరూ లాపాయింటు మాస్టారంటారు. ఆయన ఆఫీసుకు వెళ్ళి గోడమీది పటం చూసి వచ్చి, తన వరండాలో అందర్నీ కూర్చోబెట్టి వివరించాడు.

ఆ పటంలో ఇళ్ళున్నచోట పసుపురంగు, పొలాలూ బీళ్ళూ ఉన్నచోట ఆకుపచ్చరంగు. సందు పసుపు, కాలవ అవతల పచ్చ. పసుపులో క్వారీ తవ్వకూడదు. పచ్చలోనూ తవ్వకూడదు, కానీ. ఈ 'కానీ' అన్న సందులోంచే లోకంలోని లారీలన్నీ దూరతాయి. పక్కనున్న పసుపుకు దుమ్మూ చప్పుడూ తగలవని తేలితే, పచ్చలో ప్రత్యేక అనుమతి ఇవ్వొచ్చు.

"తగలవని ఎవరు తేలుస్తారు మాస్టారూ?" అని అడిగింది పిన్ని.

"వాళ్ళే."

"తగిలేది మనకు కదా?"

"అందుకేనమ్మా, మనం తగిలిందని చూపించాలి."

చూపించడానికి పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది. అనుమతి ఇంకా రాకముందే, నమూనా తవ్వకమని పేరుపెట్టి కంపెనీ ఒక యంత్రాన్ని బీడులోకి దింపింది. లారీలు మట్టిరోడ్డు మీద పోతుంటే లేచిన దుమ్ము నేరుగా దండేలమీదికే వచ్చేది. పొద్దున ఆరేసిన దుప్పటి మధ్యాహ్నానికి గోధుమపిండిలో దొర్లించినట్టు తయారయ్యేది. పిన్ని మళ్ళీ ఉతికేది. మళ్ళీ పడేది. లాడ్జి మేనేజరు ఒక దుప్పటి వెనక్కి పంపాడు. తిట్టలేదు, ఊరికే మడతపెట్టి పంపాడు. తిట్టినా బాగుండేదని పిన్ని బాబాయితో అంది. ఆవిడకు ఒక బట్ట వెనక్కి రావడం అదే మొదలు.

"ఈ గుంత తవ్వేది బీట్లో కాదయ్యా, మన పొయ్యిలో" అంది ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని.

బాబాయి ఊఁ కొట్టలేదు. అంటే ఆయనకీ భయం పట్టుకుందన్నమాట.

మొదటి విచారణకు సందంతా వెళ్ళింది. పిన్ని ఒక దిండుగలీబు పట్టుకెళ్ళి, దుమ్ము రాలకుండా మడత విప్పి, అధికారి బల్లమీద పరిచింది. ఆ అధికారి చిన్నవాడు, తెల్లచొక్కా, మర్యాదస్తుడు. కంపెనీ తరఫు లాయరు లేచి, ఈ దుమ్ము మా దుమ్మేనని రుజువేమిటి, లోకంలో దుమ్ముకు కొదవా అన్నాడు. ఎవరో నవ్వారు. అధికారి నవ్వలేదు. "నేనే స్వయంగా వచ్చి చూస్తాను. కళ్ళతో చూసిందే రాస్తాను" అన్నాడు. వచ్చే రోజు కూడా అక్కడే చెప్పేశాడు. నిజాయితీపరుడు కాబట్టే చెప్పాడు. కొన్ని నిజాయితీలు అలాగే కొంప ముంచుతాయి.

ఆ సాయంత్రం మాస్టారి వరండాలో మళ్ళీ సభ. "ఇక్కడొక లా పాయింటుంది" అన్నాడు మాస్టారు. "ఆయన కళ్ళతో చూసిందే రాస్తాడు. అందుకని ఇవాళ్టినుంచి ఎవరూ ఊడవద్దు, తుడవద్దు, నీళ్ళు చల్లొద్దు. దుమ్ము ఎక్కడ పడితే అక్కడే ఉండాలి. అమ్మా నీలిమందూ, నీతోనే నాకు భయం."

"నేనేం పసిపిల్లనా మాస్టారూ" అంది పిన్ని.

లాడ్జివాళ్ళు పక్కన పడేసిన పాత దుప్పట్లు కొన్ని అడిగి తెచ్చి, శుభ్రంగా ఉతికి, సాక్ష్యం కోసం దండేలమీద వేసి వదిలేశారు. అసలు బట్టలు ఇంట్లోనే తాళ్ళు కట్టి ఆరేసుకున్నారు. పిన్ని చీపురును అటకమీద పెట్టింది, కంటికి కనపడకుండా. దుప్పట్ల రంగు రోజురోజుకూ మారుతుంటే ఆవిడ పెరట్లోకి వెళ్ళడం మానేసింది. దారిన పోయే పాలవాడు సైకిలాపి, "ఏం పిన్నీ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. ఆ దుప్పట్లను చూసే అడిగాడు. ఆవిడకు ప్రాణం చచ్చినట్టయింది. వాడికి సంగతంతా విడమర్చి చెప్పింది. వాడు సరేనని వెళ్ళిపోయాడు, కానీ నమ్మాడో లేదో అని ఆవిడకు అన్నం సయించలేదు.

తనిఖీ రోజు తెల్లవారింది. బీడులో చప్పుడు లేదు. యంత్రం చెడిపోయిందని, రిపేరు చేస్తున్నారని కబురు. సరిగ్గా ఆరోజే చెడిపోవడానికి ఆ యంత్రానికి ఎంత తెలివో చూడండి.

పిన్ని వెనక తలుపు తీసి నిలబడింది. ఎండపొడకు దుప్పట్లు మరీ దారుణంగా కనిపించాయి. ఆ అధికారి అంత దూరంనుంచి వస్తాడు. కారు దిగుతాడు. ముందు కనపడేవి ఇవే. ఈవిడ ఉతికే బట్టలు ఇలా ఉంటాయా అనుకుంటాడు. అనుకోడు, దుమ్ము చూడ్డానికే వస్తున్నాడు, ఆ సంగతి ఆవిడ బుద్ధికి తెలుసు. చేతులకు తెలియలేదు.

బాబాయి లేచేసరికి తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు.

"మాస్టారు వద్దన్నారు కదే."

"ఊరికే జాడిస్తున్నా. దుమ్ముదేముంది, వాళ్ళొచ్చేలోపు మళ్ళీ పడుతుందిలే."

ఆయన ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత రెండో బకెట్టు అందుకుని నీళ్ళు తోడసాగాడు. ముప్పై ఏళ్ళ సంసారంలో ఆయన ఆవిడ పనికి అడ్డుపడింది లేదు. ఆ ఒక్కరోజు పడి ఉంటే బాగుండేదని తర్వాత ఆయన ఎన్నిసార్లు అనుకున్నాడో ఆయనకే తెలియాలి.

దుప్పట్లు జాడించాక కింద నేల మరీ అసహ్యంగా కనిపించింది. నేలమీద నీళ్ళు చల్లింది. నేల తడిశాక పక్కనున్న రోడ్డు ఇంకా అసహ్యంగా కనిపించింది. రోడ్డుమీదా చల్లింది, కాలవ దాకా. కిటికీ గడప తుడిచింది. చీపురు అటకమీంచి ఎప్పుడు దిగిందో ఆవిడకు గుర్తులేదు.

అధికారి వచ్చాడు. వెనక మాస్టారు, సందులో నలుగురు పెద్దమనుషులు. ఆయన కిటికీ గడపమీద వేలు పెట్టి రాసి, వేలు చూసుకున్నాడు. తెల్లటి దుప్పట్ల మధ్య నడిచాడు. తడిసిన రోడ్డుమీద కాలవ దాకా పోయి వచ్చాడు. చెప్పులకు ఇసుమంత దుమ్ము అంటలేదు.

"ఎంత శుభ్రంగా పెట్టుకున్నారమ్మా" అన్నాడు మనస్ఫూర్తిగా.

పిన్ని ముఖం విప్పారింది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ ఒక్క ఘడియ ఆవిడ సంతోషించింది. తర్వాతే మాస్టారి ముఖం కనిపించింది. ఆయన నేలకేసి చూస్తున్నాడు.

"అయ్యా, ఇది ఇప్పుడు, పొద్దున్నే కడిగాను" అంది గబగబా. "నిన్న చూడాల్సింది మీరు. నిన్న ఇదంతా దుమ్మే. ఈ దుప్పట్లు ఇలా లేవు. నీళ్ళు చల్లబట్టి ఇలా ఉంది. అడగండి, మాస్టార్ని అడగండి."

"అంటే, నీళ్ళు చల్లితే దుమ్ము లేవదన్నమాట" అన్నాడు అధికారి, ఆలోచిస్తూ. వెటకారంగా అనలేదు. పాపం, ఆయనకు ఒక దారి దొరికినట్టనిపించింది, అంతే.

రెండో విచారణ తొందరగానే ముగిసింది. క్వారీకి అనుమతి ఇచ్చారు. ఒక షరతు పెట్టారు. లారీలు తిరిగే రోడ్డును రోజూ నీళ్ళతో తడపాలి. అలా తడిపితే పక్క ఇళ్ళకు ఇబ్బంది ఉండదని స్థానికులే చేసి చూపించారని ఉత్తర్వులో చదివారు. స్థానికులు అన్నప్పుడు హాల్లో ఎవరూ పిన్నివైపు తిరగలేదు. తిరగకుండా ఉండటానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో ఆవిడకు తెలుస్తూనే ఉంది.

ఇంటికొచ్చేదారిలో మాస్టారు ఆవిడ పక్కన నడిచాడు. "నువ్వొక్కదానివే కాదమ్మా" అన్నాడు. "ఆ పొద్దున నేనూ వరండాలో కుర్చీలు తుడిచాను. కాస్త కూర్చోమందామని." ఎదురింటావిడ మెట్లు కడిగిందట. మూలమీది దర్జీ కుట్టుమిషను మీద దుమ్ము దులిపాడట. ఒక్కొక్కరూ, తక్కినవాళ్ళ ఇళ్ళల్లో దుమ్ముందిగా, మన ఇంట్లో లేకపోతే ఏం కొంప మునుగుతుందనుకున్నారు. మునిగింది. ఇలాంటి జనాన్ని ఏమనాలో నాకు తెలియదు. దేవుడు కూడా చెప్పి రాకూడదు వీళ్ళింటికి.

మాస్టారు ఓదార్చడానికే చెప్పాడు. పిన్ని ఓదార్పు పొందలేదు. కుర్చీలు తుడిచినవాళ్ళెవరి నోట్లోనూ మట్టి పడలేదు, పడింది తన నోట్లోనే.

క్వారీ తెరిచారు. కంపెనీవాడు షరతు ప్రకారం మొదట్లో నాలుగురోజులు నీళ్ళు చల్లించాడు, తర్వాత మరిచిపోయాడు. లాడ్జి మేనేజరు స్వయంగా వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, మెషీను లాండ్రీకి ఇస్తున్నామని చెప్పాడు. అత్తరు వాసన మాట ఇద్దరూ ఎత్తలేదు. తర్వాత నర్సింగ్‌హోమూ పోయింది. బాబాయి ఒక సాయంత్రం పెరట్లోకి వెళ్ళి దండేలు విప్పి చుట్టచుట్టి అటకమీద పెట్టాడు. ఇనప గుంజలు మాత్రం పీకలేదు. పిన్ని వేళ్ళు మెల్లగా మామూలు రంగుకు వచ్చాయి. తన చెయ్యి తనకే పరాయిగా కనపడేది. ఒకసారి ఏమీ లేకుండానే కాసిని నీళ్ళలో నీలిమందు కలిపి చెయ్యి ముంచుకుని కూర్చుంది. బాబాయి చూసి ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

అలాంటి రోజుల్లో క్వారీ సూపర్‌వైజరు వచ్చాడు. పైనుంచి అడుగుతున్నారట, షరతు ప్రకారం రోడ్డు తడపడానికి ఒక మనిషి కావాలట. "మీకైతే అలవాటే కదా పిన్నీ" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, అలవాటున్న మనిషికి పని ఇప్పిస్తున్నాననే అనుకున్నాడు. ఊళ్ళో ఆ వయసు ఆడదానికి ఇంకో పని దొరకదు. బాబాయి సందులో చొక్కాలు ఇస్త్రీ చేస్తే రెండు నోళ్ళు నిండవు. "సరే" అంది.

కాలవ దగ్గర కుళాయి, పొడుగాటి రబ్బరు పైపు. పొద్దున్నుంచి రోడ్డు తడిపేది. లారీ పోతే మళ్ళీ ఆరేది, మళ్ళీ తడిపేది. రోడ్డు తడిసినా గుంతలోంచి లేచే దుమ్ము లేస్తూనే ఉంది. అది రోడ్డుకు సంబంధించింది కాదు, షరతులో లేదు. సందులో ఆడవాళ్ళు తలుపులు వేసుకుని వండుకునేవాళ్ళు. ఎదురైతే పిన్నిని పలకరించేవాళ్ళు, కానీ చేతిలో పైపు చూడకుండా పలకరించేవాళ్ళు.

అనుమతి ఇచ్చి ఏడాది తిరిగింది. అనుమతి పొడిగించాలంటే మళ్ళీ తనిఖీ. ముందురోజు సాయంత్రం మాస్టారు వచ్చాడు. బాగా వంగిపోయాడు, దగ్గు పట్టుకుంది. పిన్ని కుర్చీ తుడవబోయి ఆగింది. ఆయన అలాగే కూర్చున్నాడు.

"ఈసారి లా పాయింటు ఏమీ లేదమ్మా. రేపు ఒక్కరోజు నీళ్ళు చల్లకు."

"చల్లను మాస్టారూ."

"ఉద్యోగం పోవచ్చు."

"పోనివ్వండి."

మర్నాడు యంత్రం చెడిపోలేదు. ఈసారి వాళ్ళకు భయం లేదు, రోడ్డు తడిపే మనిషి ఉంది కదా. సూపర్‌వైజరు కాగితాలతో గుంత దగ్గర ఉన్నాడు. పిన్ని కుళాయి పక్కన రాతిమీద కూర్చుంది. లారీలు వచ్చాయి, దుమ్ము మబ్బులా లేచి సందు మీదికి పోయింది. ఆ మబ్బులోకే కారొచ్చి ఆగింది. అదే అధికారి. అదే తెల్లచొక్కానో, అలాంటిదో.

ఆయన దిగి నిలబడగానే ఇంకో లారీ పోయింది. చొక్కా భుజాలమీద, కాలరు మడతలో, జేబు అంచున దుమ్ము దిగుతుంటే పిన్ని చూసింది. కాలరు మడతలో దిగిన దుమ్ము మామూలుగా పోదు, ముందు నానబెట్టాలి. ఆవిడ చేతులు లేచాయి. వాటిని ఒడిలోకి లాక్కుని, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుంది. పైపు కాళ్ళ దగ్గరే ఉంది. జీవితంలో అంత కష్టమైన పని ఆవిడ ఎన్నడూ చెయ్యలేదు, తొట్టెడు దుప్పట్లు పిండినరోజున కూడా.

దగ్గు విని కళ్ళు తెరిచింది. అధికారి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"రోడ్డు తడిపే పని మీదేనా?"

"నాదేనయ్యా. చూడండి, ఎంత దుమ్మో. ఇదీ అసలు దుమ్ము. పోయినేడు మీరు చూడలేదు."

"ఈరోజు తడపలేదా?"

"తడపలేదు. మీరు చూడాలని."

ఆయన ఆమెనూ పైపునూ చూశాడు. సూపర్‌వైజరు అప్పటికే పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన అతనితో మెల్లగా, ఆవిడను నొప్పించకుండా ఉండటానికే అన్నట్టు పక్కకు తిరిగి చెప్పాడు. "క్వారీది తప్పు కాదు, షరతు మంచిదే. అమలు చేసే మనిషి సరిగా లేదు. మనుషులమీద ఆధారపడకుండా ఒక ట్యాంకరు పెట్టుకోండి. పొడిగింపు రాస్తాను."

పిన్నికి ప్రతి మాటా వినిపించింది.

ఇంటికి వచ్చేసరికి బాబాయి ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నాడు. "చల్లలేదయ్యా" అంది. ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. "మంచిపని చేశావు" అన్నాడు. తర్వాత ఏమైందని అడిగాడు. చెప్పింది. ఆయన ఇస్త్రీ పెట్టె అందుకుని, అప్పటికే చేసిన చొక్కానే మళ్ళీ ఇస్త్రీ చేశాడు. వాళ్ళిద్దరి మధ్యా మాట్లాడే మనిషి ఎప్పుడూ ఆవిడే. ఆరోజు ఆవిడా మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే ట్యాంకరు వచ్చింది. వెనక తలుపు దగ్గర నిలబడి పిన్ని చూసింది. అది ఇంటి పక్కనుంచి కాలవ దాకా, కాలవ దాటి గుంత దాకా, ఎక్కడా పొడి మచ్చ మిగలకుండా, రోడ్డు ఈ చివరినుంచి ఆ చివరికి తడుపుకుంటూ పోయింది. ఆవిడ పైపుతో ఇన్నాళ్ళూ ఎంత తడిపినా రోడ్డు ఏనాడూ అంత శుభ్రంగా లేదు.